జావా వచ్చింది సరే, దానితో ఏం కడతారు?

ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది చదివే పదిమంది రెజ్యూమెలు ముందేసుకుని ప్రాజెక్టుల వరుస చూడండి. లైబ్రరీ మేనేజ్‌మెంట్, ఎంప్లాయీ మేనేజ్‌మెంట్, ఆన్‌లైన్ షాపింగ్ కార్ట్. పేర్లు మారవు, స్క్రీన్లు మారవు. సీనియర్ పెన్‌డ్రైవ్‌లోంచి జూనియర్ పెన్‌డ్రైవ్‌లోకి దిగిన కోడే మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఇంటర్వ్యూ చేసేవాడికి ఆ సంగతి తెలుసు. అందుకే ఒకే ప్రశ్న వేస్తాడు: "ఇందులో మీకు ఎదురైన కష్టం ఏమిటి?" అక్కడ నోరు పెగలదు. ఎవరూ వాడని సాఫ్ట్‌వేర్‌లో కష్టం ఎక్కణ్నుంచి వస్తుంది?

ఈ అధ్యాయం అక్కన్నపేట లాంటి మండలం నుంచి వచ్చి, జావా నేర్చుకుని, తర్వాత ఏం చేయాలో తోచని వారి కోసం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. యంత్రానికీ యంత్రానికీ మధ్య తేడాను జావా చూసుకుంటుంది. మనిషికీ మనిషికీ మధ్య వ్యాపారం ఎలా నడుస్తుందో దానికి తెలియదు. ఆ రెండో భాగం మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. మీ విలువ అక్కడే ఉంది.

1. జావా మీకు ఊరికే ఇచ్చేది

1991లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్, మైక్ షెరిడన్, పాట్రిక్ నాటన్ ఒక చిన్న జట్టుగా పని మొదలుపెట్టినప్పుడు వాళ్ల కళ్ల ముందు ఉన్నవి ఇంట్లో వాడే ఎలక్ట్రానిక్ పరికరాలు. ఒక్కో పరికరంలో ఒక్కో రకం చిప్. ప్రతి చిప్‌కూ ప్రోగ్రామ్ మళ్లీ రాయాలంటే పని తెమలదు. అందుకని మధ్యలో ఒక అంచె పెట్టారు. మీరు రాసిన కోడ్ నేరుగా చిప్ భాషలోకి మారదు, బైట్‌కోడ్ అనే మధ్యస్థ రూపంలోకి మారుతుంది. ఆ బైట్‌కోడ్‌ను చదివి నడిపే జావా వర్చువల్ మెషీన్ ఒక్కో యంత్రానికి ఒక్కోటి ఉంటుంది. 1995 మేలో భాష ప్రపంచానికి పరిచయమైంది, మరుసటి ఏడాది జనవరిలో మొదటి వెర్షన్ విడుదలైంది.

మీకు దీనివల్ల ఒరిగేది ఇది: ఇంట్లో విండోస్ లాప్‌టాప్ మీద రాసిన ప్రోగ్రామ్ అద్దెకు తీసుకున్న లినక్స్ సర్వర్ మీద మార్పులేమీ లేకుండా నడుస్తుంది. రేపు ఆ సర్వర్ ఇంటెల్ చిప్ నుంచి ఏఆర్‌ఎం చిప్‌కు మారినా మీ కోడ్ మారదు.

పెద్ద వ్యాపార వేదికలు ఈ భాష వైపు రావడం వెనుక కూడా ఒక క్రమం ఉంది. ఈబే‌ను 1995లో పియెర్ ఒమిడ్యార్ పెర్ల్ భాషలో మొదలుపెట్టాడు. తర్వాత అది సీ ప్లస్ ప్లస్‌కు మారింది, 2000 దశకం తొలినాళ్లలో జావాకు వచ్చింది. చైనాలో టావోబావో మొదట పీహెచ్‌పీతో నడిచి, రద్దీ పెరిగాక జావాకు మారింది. వ్యాపారుల్నీ ఉద్యోగుల్నీ కలిపే లింక్డ్‌ఇన్ 2003లో మొదలైనప్పటి నుంచీ జావా మీదే ఎదిగింది. పాఠం గమనించండి: ఈబే అయినా టావోబావో అయినా భాష దగ్గర మొదలవలేదు. ముందు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు వచ్చారు. వాళ్ల రద్దీ మోయడానికి తర్వాత భాష మారింది.

ఖర్చు గురించి బెంగ అక్కర్లేదు. ఓపెన్‌జేడీకే ఉచితం. టెమురిన్, అమెజాన్ కొరెట్టో లాంటి బిల్డ్‌లను వ్యాపారానికి వాడినా లైసెన్సు రుసుము లేదు. దీర్ఘకాల మద్దతున్న వెర్షన్ ఒకటి ఎంచుకోండి. 2023 సెప్టెంబరులో వచ్చిన జావా 21 సరిపోతుంది.

2. జావా చూసుకోనివి

"ఒకసారి రాయండి, ఎక్కడైనా నడపండి" అని సన్ కంపెనీ చెప్పుకుంది. నడుస్తుంది, నిజమే. సరిగ్గా నడవాలంటే మూడు చోట్ల మీరు కాపలా కాయాలి.

మొదటిది తెలుగు. "అక్కన్నపేట" అన్న పేరును మనం ఐదక్షరాలుగా చదువుతాం. జావాలో దాని పొడవు అడిగితే 10 వస్తుంది, ఎందుకంటే పొల్లులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి. యూటీఎఫ్-8లో భద్రపరిస్తే 30 బైట్లు. ఊరి పేరుకు 20 బైట్ల చోటు చాలనుకుని డిజైన్ చేస్తే పేరు ఒత్తు మధ్యలో తెగిపోతుంది. పాత జావాలో ఇంకో తంటా ఉండేది: అక్షరాల సంకేత పద్ధతి చెప్పకపోతే విండోస్‌కు ఒకటి, లినక్స్‌కు ఇంకొకటి వాడుకునేది, తెలుగు పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు వచ్చేవి. 2022లో వచ్చిన జావా 18 నుంచి యూటీఎఫ్-8నే డిఫాల్టుగా తీసుకుంటుంది. అయినా డేటాబేస్‌లో, ఫైళ్లలో, ప్రింటర్‌లో ఒక తెలుగు పేరు పంపి చూడకుండా పని అయిందనుకోకండి.

రెండోది గడియారం. పాల కేంద్రంలో సోమవారం తెల్లవారి 5 గంటలకు పాలు పోశారనుకోండి. అద్దె సర్వర్లు సాధారణంగా అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మనకంటే ఐదున్నర గంటలు వెనక. అక్కడ అప్పుడు ఆదివారం రాత్రి 11:30. మీరు తేదీని సర్వర్ గడియారం నుంచి తీసుకుంటే సోమవారం పాలు ఆదివారం పద్దులోకి వెళ్తాయి. 2014లో జావా 8తో వచ్చిన కొత్త తేదీ-సమయ లైబ్రరీ దీనికి చక్కటి మందు. జరిగిన క్షణాన్ని ఇన్‌స్టంట్‌గా భద్రపరచండి, చూపించేటప్పుడూ రోజువారీ లెక్క తీసేటప్పుడూ ఆసియా/కోల్‌కతా కాలమండలానికి మార్చండి.

మూడోది డబ్బు. డబుల్ అనే సంఖ్యా రకంలో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. ఒక్క బిల్లులో అది కనిపించదు, నెలాఖరు మొత్తంలో బయటపడుతుంది. డబ్బును పైసల్లోకి మార్చి పూర్ణ సంఖ్యగా ఉంచండి, లేదా బిగ్‌డెసిమల్ వాడండి. బిగ్‌డెసిమల్‌తో రెండు జాగ్రత్తలు: విలువను కొటేషన్లలో పెట్టిన పాఠంగా ఇవ్వాలి, డబుల్‌గా ఇస్తే పాత తప్పు లోపలికి వచ్చేస్తుంది. ఈక్వల్స్‌తో పోలిస్తే 2.0, 2.00 వేర్వేరని చెబుతుంది, కంపేర్‌టూ వాడాలి. పైసల సవరింపు ప్రతి వస్తువుకూ చేయాలా, మొత్తం బిల్లుకు చేయాలా అన్నది మాత్రం జావా డాక్యుమెంట్లలో దొరకదు. దుకాణదారుణ్నే అడగాలి.

3. ఊరి పేరు ఒకటే, ఊళ్లు రెండు

చిరునామా సంగతికి వద్దాం. ఆన్‌లైన్ వ్యాపారం నేర్చుకోవడానికి అక్కన్నపేటను మించిన ఉదాహరణ దొరకదు.

సిద్దిపేట జిల్లాలో హుస్నాబాద్ పక్కన మండల కేంద్రం అక్కన్నపేట ఒకటి. మెదక్ జిల్లా రామాయంపేట దగ్గర రైల్వే స్టేషన్ ఉన్న అక్కన్నపేట ఇంకొకటి. 2022లో మెదక్‌కు కొత్త రైలు మార్గం మొదలైంది ఆ స్టేషన్ నుంచే. పేరును బట్టి వెతికే సాఫ్ట్‌వేర్ ఇక్కడికి రావాల్సిన పార్శిల్‌ను అక్కడికి పంపినా తప్పు పట్టలేం.

ఇంకా ఉంది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు పాత హుస్నాబాద్ మండలం నుంచి అక్కన్నపేట కొత్త మండలమైంది, కరీంనగర్ జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. తపాలా పిన్ కోడ్ మాత్రం ఇప్పటికీ కరీంనగర్ వైపు 505తోనే మొదలవుతుంది, సిద్దిపేట పట్టణానిది 502తో. "సిద్దిపేట జిల్లా అయితే పిన్ 502తో మొదలవ్వాలి" అని ఎవరైనా ఒక తనిఖీ రాసిపెడితే అక్కన్నపేటవాళ్ల ఆర్డర్లన్నీ తిరస్కరణకు గురవుతాయి. పాత గుర్తింపు కార్డుల్లో ఇంకా కరీంనగర్ అనే ఉంటుంది.

కాబట్టి నియమాలు ఇవి. ఊరి పేరును గుర్తింపుగా వాడకండి, ప్రతి ఊరికీ మీ సొంత సంఖ్య ఇవ్వండి. జిల్లా, మండలం, పిన్ మూడింటినీ వేర్వేరుగా ఉంచండి, ఒకదాన్నిబట్టి ఇంకొకటి ఊహించకండి. జిల్లా మారుతుందన్న ఎరుకతో, ఏ తేదీ నుంచి ఏ జిల్లా అన్నది రాసుకోండి. "హనుమాండ్ల గుడి పక్క సందు" లాంటి ఆనవాలు రాయడానికి ఒక గడి తప్పనిసరిగా పెట్టండి, ఎందుకంటే సామాన్లు తెచ్చే ఆటో డ్రైవర్ చదివేది దాన్నే.

వస్తువుల పేర్ల విషయంలోనూ ఇదే. ఒకరు పల్లీలు అంటారు, ఇంకొకరు వేరుశనగలు అంటారు, ఫోన్లో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేవాళ్లు తలా ఒక తీరుగా కొడతారు. వస్తువుకు ఒకే పేరు గడి పెట్టి ఊరుకోకండి. మారుపేర్లకు వేరే పట్టిక పెట్టండి. వెతికినా దొరకని ప్రతి మాటనూ దాచుకుంటూ వారానికోసారి అందులో చేర్చండి.

4. ల్యాప్‌టాప్ మూసి దుకాణంలో కూర్చోండి

ఇప్పుడు ఒక ప్రాజెక్టు అనుకుందాం. మండల కేంద్రంలోనో హుస్నాబాద్‌లోనో ఒక హోల్‌సేల్ కిరాణం ఉంది. చుట్టూ ఉన్న ఊళ్లలో, తండాల్లో చిన్న దుకాణాలవాళ్లు అక్కడి నుంచి సరుకు తీసుకుంటారు. ఫోన్ చేసి చెబుతారు, లేదా అంగడి రోజు వచ్చి తీసుకెళ్తారు. వీళ్లందరినీ కలిపే ఆర్డర్ల వ్యవస్థ మీరు కట్టాలి. పెద్ద కంపెనీల భాషలో ఇది వ్యాపార నెట్‌వర్క్, ఆన్‌లైన్ వాణిజ్యం రెండూ.

కోడ్ రాయకముందు ఒక వారం ఆ దుకాణంలో కూర్చోండి. గల్లా పక్కన కాదు, సరుకు లెక్కబెట్టే చోట. ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. ఫోన్లో చెప్పిన సరుకు లేకపోతే బదులుగా ఏదైనా పంపుతారా? ధర ఆర్డర్ ఇచ్చిన రోజుదా, సరుకు ఎత్తిన రోజుదా? ఉద్దెర ఎవరికి, ఎంతవరకు, ఎన్నాళ్లు? పంట డబ్బులు చేతికొచ్చే కాలానికి ముందు ఆ పరిమితి పెంచుతారా? పగిలిన సీసా, తడిసిన సంచి ఎవరి ఖాతాలో పడుతుంది? ఆటో కిరాయి ఎవరిస్తారు? హమాలీ ఎవరిస్తారు?

ఇవన్నీ దుకాణం నడిపే సేటుకు నోటికి వచ్చు. ఎక్కడా రాసి ఉండవు. మీరు వీటిని కాగితం మీద పెట్టిన రోజున ప్రాజెక్టులో సగం పని అయిపోయినట్టే. షాపింగ్ కార్ట్ నమూనాల్లో "కొను" బటన్ నొక్కగానే డబ్బు కట్టే పేజీ వస్తుంది. పల్లెటూరి హోల్‌సేల్‌లో డబ్బు చాలాసార్లు ఆఖరున వస్తుంది, విడతలుగా వస్తుంది, ఒక్కోసారి పంట వచ్చాక వస్తుంది. ఆ నమూనా ఇక్కడ పనికిరాదని తెలుసుకోవడమే మీ మొదటి డిజైన్ నిర్ణయం.

ఇంకో నిజాయితీ మాట. ఆ దుకాణానికి ఇరవై మందే గిరాకీ ఉంటే, వాట్సాప్ గ్రూపు బాగానే నడుస్తుంటే, దాన్ని అలాగే వదిలేయమని చెప్పండి. అక్కర్లేని చోట కట్టకపోవడం కూడా ఇంజినీర్ పనే. మీ కోడ్ అవసరమైన దుకాణం ఇంకొకటి దొరుకుతుంది.

5. ఎర్ర బట్ట ఖాతా పుస్తకం నేర్పే పాఠం

కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఉద్దెరకు ఒక పట్టిక వేసి, అందులో "బాకీ" అని ఒక గడి పెడతారు. సరుకు పోయినప్పుడు పెంచుతారు, డబ్బు వచ్చినప్పుడు తగ్గిస్తారు. మూడు నెలల తర్వాత గిరాకీ వచ్చి "నాకు ఇంత బాకీ ఎట్లయింది?" అంటే చూపించడానికి ఏమీ ఉండదు. గడిలో చివరి సంఖ్య తప్ప.

సేటు అలా చేయడు. ఎర్ర బట్ట అట్ట పుస్తకంలో తేదీ వేసి ఒక్కో పద్దు కిందకి రాసుకుంటూ పోతాడు. తప్పు పడితే చెరపడు, కింద ఇంకో పద్దు రాసి సరిచేస్తాడు. బాకీ అంటే ఆ పద్దుల మొత్తం. మీరూ అదే చేయండి. పద్దుల పట్టికలో కొత్త వరుసలు చేరుతాయే తప్ప పాతవి మారవు. సవరణ అంటే ఎదురు పద్దు.

ఇదేదో పాతకాలపు పద్ధతి అనుకోకండి. లింక్డ్‌ఇన్‌లో వందల సేవల మధ్య సమాచారం పారించడానికి జే క్రెప్స్, నేహా నార్ఖేడే, జున్ రావ్ కట్టిన కాఫ్కా 2011లో బహిరంగమైంది. దాని గుండెలో ఉన్నది ఇదే ఆలోచన: జరిగినవన్నీ వరుసగా చివరన చేర్చుకుంటూ పోవడం, రాసినదాన్ని మార్చకపోవడం. ఎవరికి ఏ లెక్క కావాలన్నా ఆ వరుసను మొదటి నుంచి చదివి తీసుకోవచ్చు. మీ కిరాణం ప్రాజెక్టుకు కాఫ్కా అక్కర్లేదు, పోస్ట్‌గ్రెస్‌లో ఒక పట్టిక చాలు. ఇంటర్వ్యూలో కాఫ్కా గురించి అడిగితే మాత్రం ఖాతా పుస్తకం నుంచి మొదలుపెట్టి చెప్పండి. బట్టీ పట్టినవాడి జవాబుకీ మీ జవాబుకీ తేడా అవతలివాడికి వెంటనే తెలుస్తుంది.

6. ఒకే డబ్బా, ఇద్దరు గిరాకీలు

గోదాములో మంచినూనె డబ్బా ఒక్కటే మిగిలింది. రెండు ఊళ్ల నుంచి ఇద్దరు ఒకే క్షణంలో ఆర్డర్ పెట్టారు. రెండు ఆర్డర్లూ "నిల్వ ఎంత?" అని అడిగాయి, రెండింటికీ "ఒకటి" అని జవాబు వచ్చింది, రెండూ తగ్గించాయి. నిల్వ మైనస్ ఒకటి.

జావాలో సింక్రనైజ్డ్ అనే మాట ఉంది కదా, అది పెడితే చాలదా? ఒకే సర్వర్ ఉన్నంతవరకు చాలు. రెండో సర్వర్ పెట్టగానే ఒకదాని తాళం ఇంకొకదానికి కనిపించదు. కాబట్టి తాళం డేటాబేస్‌లో ఉండాలి. "నిల్వ కనీసం ఒకటి ఉంటేనే ఒకటి తగ్గించు" అన్నది ఒకే ఆదేశంగా పంపండి. మారిన వరుసల సంఖ్య సున్నా అని వస్తే సరుకు అయిపోయిందని అర్థం. అప్పుడు ఆ దుకాణదారుకు ఏం చెప్పాలన్నది మీరు సేటు దగ్గర రాసుకున్న జవాబుల్లోనే ఉంది.

ఇంకో సమస్య సిగ్నల్. తండాలో ఫోన్ చేతిలో పట్టుకుని బటన్ నొక్కితే తిరుగుతూ ఉంటుంది. మళ్లీ నొక్కుతారు. మూడుసార్లు నొక్కితే మూడు ఆర్డర్లు. బటన్‌ను మరుగుపరచడం పూర్తి మందు కాదు. ఆర్డర్ సంఖ్యను ఫోన్లోనే, పంపడానికి ముందే పుట్టించండి. డేటాబేస్‌లో ఆ సంఖ్య రెండోసారి పడకుండా నిబంధన పెట్టండి. అదే సంఖ్య మళ్లీ వస్తే కొత్త ఆర్డర్ చేయకుండా పాత ఆర్డర్ జవాబే తిరిగి పంపండి. అప్పుడు పదిసార్లు నొక్కినా ఆర్డర్ ఒక్కటే.

డబ్బు విషయంలో ఇది మరింత ముఖ్యం. 2016లో యూపీఐ వచ్చాక చాయ్ బండి దగ్గర కూడా స్కానర్ కనిపిస్తోంది. కానీ స్క్రీన్‌షాట్ రుజువు కాదు. చెల్లింపు సేవ నుంచి మీ సర్వర్‌కు వచ్చే సందేశమే రుజువు. దానిమీద ఉన్న డిజిటల్ సంతకం సరిచూడండి, మొత్తం ఆర్డర్ మొత్తంతో సరిపోయిందో చూడండి, అదే సందేశం రెండుసార్లు వచ్చినా జమ ఒక్కసారే పడేలా చూడండి. "పెండింగ్" అన్న స్థితిని ఫెయిల్ అని చూపించకండి. చూపిస్తే గిరాకీ మళ్లీ కడతాడు, తర్వాత రెండూ జమవుతాయి, తగువు సేటు మీదికి వస్తుంది.

7. మన పక్కనే రెండు ఉదాహరణలు

అక్కన్నపేటకు దగ్గర్లోనే ముల్కనూరు ఉంది. ఒకప్పుడు రెండూ కరీంనగర్ జిల్లావే, ఇప్పుడు ముల్కనూరు హనుమకొండ జిల్లాలో ఉంది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వంలో 14 ఊళ్లతో, 373 మంది సభ్యులతో అక్కడ సహకార గ్రామీణ బ్యాంకు మొదలైంది. కంప్యూటర్ లేని కాలం. పంట రుణం, విత్తనం, ఎరువు, చివరికి పండిన పంట అమ్మకం, అన్నీ ఒకే సంస్థ చూసింది. రుణం తీసుకున్న సభ్యుడి పంట సంఘం ద్వారా అమ్ముడైతే బాకీ అక్కడే తీరుతుంది. 2000లో అదే ప్రాంతంలో మహిళల పాల సహకార సమాఖ్య మొదలై స్వకృషి పేరుతో పాలు అమ్ముతోంది.

సాఫ్ట్‌వేర్ రాసేవాడు ఇక్కడ నేర్చుకోవాల్సింది ఇది: సభ్యుడు ఒక్కడే, అతడి లావాదేవీలు అనేకం. రుణానికి ఒక లాగిన్, విత్తనానికి ఇంకో లాగిన్ అని విడగొడితే ఆ బలం పోతుంది. వ్యక్తిని మధ్యలో పెట్టి చుట్టూ పద్దులు అల్లండి.

రెండో ఉదాహరణ రెడ్‌బస్. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్ టికెట్ దొరక్క ఫణీంద్ర సామ ఆలోచనలో పడ్డాడు. బిట్స్ పిలానీ స్నేహితులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి 2006లో సంస్థ మొదలుపెట్టాడు. ప్రయాణికుడికి కనిపించేది వెబ్‌సైట్. అసలు చిక్కు బస్సు యజమానుల వైపు ఉంది: ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉందో ఒక్కచోట ఎవరికీ తెలియదు, ఏజెంట్లు ఫోన్లలో కనుక్కునేవాళ్లు. రెడ్‌బస్ ఆపరేటర్ల కోసమే బాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను అందించింది. వాళ్ల సీట్ల లెక్క అందులోకి వచ్చాకే టికెట్ అమ్మకం నమ్మకంగా సాగింది. 2013లో ఐబిబో గ్రూపు ఆ సంస్థను కొనుక్కుంది.

మీ కిరాణం ప్రాజెక్టులోనూ ఇదే వరుస పాటించండి. కొనేవాళ్ల యాప్‌కు రంగులు దిద్దడం తర్వాత. ముందు సేటు నిల్వ లెక్క, పద్దు లెక్క మీ సాఫ్ట్‌వేర్‌లో రోజూ నడవాలి. అమ్మేవాడికి రోజూ ఉపయోగపడనిది కొనేవాడికి ఎన్నాళ్లో నిలవదు.

8. ఒక దుకాణం నుంచి దేశం దాకా

ఒక దుకాణం లెక్క కుదిరాక బయటి నెట్‌వర్క్ గురించి ఆలోచించవచ్చు. 2021 డిసెంబరులో ఏర్పడిన ఓఎన్‌డీసీ (ఓపెన్ నెట్‌వర్క్ ఫర్ డిజిటల్ కామర్స్) ఆ దారి చూపిస్తుంది. అది ఒక యాప్ కాదు, యాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమావళి. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీ, బెంగళూరు, భోపాల్, షిల్లాంగ్, కోయంబత్తూరులలో ప్రయోగం మొదలైంది. దాని కింద ఉన్న నియమాల పేరు బెకన్ ప్రోటోకాల్.

పనితీరు ఇలా ఉంటుంది. కొనేవాడి యాప్ "వెతుకు" అని సందేశం పంపుతుంది. అమ్మేవాడి యాప్ "అందింది" అని మాత్రమే వెంటనే చెప్పి, వస్తువుల జాబితాను కాసేపటికి వేరే సందేశంగా పంపుతుంది. ఎంచుకోవడం, వివరాలివ్వడం, ఖరారు చేయడం, అన్నీ ఇలాగే అడుగు ఒకసారి, జవాబు ఇంకోసారి. ప్రతి సందేశం మీదా ఈడీ25519 పద్ధతిలో సంతకం ఉంటుంది. మొత్తం సంభాషణను ఒకే లావాదేవీ సంఖ్య కలిపి ఉంచుతుంది.

కాలేజీలో మీరు రాసిన ప్రోగ్రాములు అడగ్గానే జవాబిస్తాయి. ఇక్కడ జవాబు కోసం ఎదురుచూస్తూనే ఇతర పనులు చేయాలి, ఆలస్యంగా వచ్చిన జవాబు దేనికి చెందిందో గుర్తించాలి, అసలు రాకపోతే ఏం చేయాలో ముందే అనుకోవాలి. ఈ ఒక్క అభ్యాసం మీ స్థాయిని మారుస్తుంది. అవతలివైపు యాప్ ఏ భాషలో రాశారన్నది కూడా మీకు అక్కర్లేదు. యంత్రాల తేడాను జావా ఎలా దాచిందో, సంస్థల తేడాను ఈ నియమావళి అలా దాస్తుంది.

చట్టం వైపు నాలుగు మాటలు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. కాబట్టి ఫిర్యాదుల పట్టిక మొదటి రోజు నుంచే ఉండాలి. పచ్చళ్లూ పొడులూ లాంటి తినే సరుకు అమ్మేవాళ్లకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు ఉందో లేదో చూడండి. జీఎస్టీ నమోదు లేని చిన్న అమ్మకందారులు 2023 అక్టోబరు నుంచి కొన్ని షరతులతో సొంత రాష్ట్రంలో ఈ-కామర్స్ వేదికల ద్వారా సరుకు అమ్మవచ్చు, రాష్ట్రం దాటి కాదు. ఈ గీతను కోడ్‌లో పెట్టాల్సింది మీరే. గిరాకీల ఫోన్ నంబర్లు, బాకీల వివరాలు వాళ్ల సొంత విషయాలు, ఇంకొకరికి కనిపించకూడదు. ఊళ్లో ఒకరి బాకీ ఇంకొకరికి తెలిస్తే పోయే పరువుకు ఏ సాఫ్ట్‌వేర్ అప్‌డేటూ లేదు.

9. పన్నెండు వారాల దారి

కోర్సుల జాబితా చూసి కంగారుపడకండి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఉన్నవన్నీ నేర్చుకోవాలని ఎవరూ శాసించలేదు. ఈ వరుస చాలు.

మొదటి రెండు వారాలు: దుకాణంలో కూర్చోవడం, జవాబులు రాసుకోవడం, కాగితం మీద పట్టికలు గీయడం.

మూడు నుంచి ఐదు: కోర్ జావా మళ్లీ. కలెక్షన్లు, ఎక్సెప్షన్లు, తేదీ-సమయం, బిగ్‌డెసిమల్. స్క్రీన్ లేకుండా, టెర్మినల్‌లోనే పద్దుల పుస్తకం నడపండి.

ఆరు, ఏడు: పోస్ట్‌గ్రెస్, జేడీబీసీ. ట్రాన్సాక్షన్ అంటే ఏమిటో చేసి చూడండి. రెండు టెర్మినళ్లు తెరిచి ఒకే డబ్బాను ఇద్దరికీ అమ్మే ప్రయత్నం చేయండి, అమ్ముడవకుండా ఆపండి.

ఎనిమిది, తొమ్మిది: స్ప్రింగ్ బూట్. దీన్ని ముందే పట్టుకుంటే అది దాచిపెట్టేదేమిటో తెలియదు. జేడీబీసీతో తంటాలు పడ్డాక పట్టుకుంటే ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

పది: లినక్స్ సర్వర్ మీద ఎక్కించడం. తెలుగు పేర్లు, రోజువారీ లెక్కలు అక్కడ సరిగా వస్తున్నాయో చూడటం. బ్యాకప్ తీయడం, దాన్నుంచి తిరిగి నిలబెట్టి చూడటం.

పదకొండు, పన్నెండు: సేటు చేతికి ఇవ్వండి. ఖాతా పుస్తకం మానేయమని చెప్పకండి. రెండూ పక్కపక్కన నడవనివ్వండి, రోజూ సాయంత్రం రెండు లెక్కలూ పోల్చండి. తేడా వచ్చిన ప్రతిసారీ కారణం రాసుకోండి. ఆ కారణాల జాబితాను పదిలంగా ఉంచుకోండి. మీ రెజ్యూమెలో అన్నిటికంటే బరువైన కాగితం అదే.

తర్వాతి గుమ్మాలు దూరం లేవు. కరీంనగర్ ఐటీ టవర్ 2020లో, సిద్దిపేట ఐటీ టవర్ 2023లో తెరుచుకున్నాయి. హైదరాబాద్ ఎలాగూ ఉంది. ఎక్కడ కూర్చున్నా అడిగే ప్రశ్న ఒకటే: మీకు ఎదురైన కష్టం ఏమిటి?

ఈ వారం చేయాల్సినవి

ఒకటి: మీకు తెలిసిన ఒక దుకాణం, పాల కేంద్రం, లేదా మహిళా సంఘం ఎంచుకోండి. వాళ్ల అనుమతి తీసుకోండి.

రెండు: అక్కడ జరిగే ఒకే ఒక లావాదేవీని ఆర్డర్ నుంచి చివరి రూపాయి జమ అయ్యేదాకా పది వాక్యాల్లో రాయండి. కంప్యూటర్ మాట ఒక్కటి కూడా రాకూడదు.

మూడు: ఆ పది వాక్యాల్లో ఎక్కడెక్కడ తగువు రావచ్చో గీత గీయండి. సరుకు తక్కువైనప్పుడు, ధర మారినప్పుడు, డబ్బు ఆలస్యమైనప్పుడు ఇప్పుడు ఎలా పరిష్కరించుకుంటున్నారో అడిగి రాయండి.

నాలుగు: దాన్ని దుకాణదారుకు చదివి వినిపించండి. "ఇది తప్పు, మేం ఇట్ల చెయ్యం" అన్న చోటల్లా దిద్దండి. ఆయన నోట "ఆఁ, గిట్లనే" అన్న మాట వచ్చేదాకా ఎడిటర్ తెరవకండి. ఆ మాట వచ్చాక రాసే మొదటి క్లాస్ పేరు "పద్దు" అయితే చాలు, మిగతావన్నీ దాని చుట్టూ చేరతాయి.